కొత్త మైక్ తర్వాత కొందురుగానీ, ముందు ఛార్జర్ పీకి చూడండి

"మైక్‌లో గుయ్యిమని సౌండ్ వస్తోంది, ఏ మైక్ కొనమంటారు?" గాడ్జెట్ల గురించి రాస్తానని తెలిశాక నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నేను చెప్పే సమాధానం మాత్రం చాలామందికి నచ్చదు. ఏదీ కొనకండి. కనీసం ఈ వారం కొనకండి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మన ఇళ్లలో రికార్డింగ్‌లో పడే గోలకి మైక్ కారణం కావడం తక్కువ. ప్లగ్, ఫ్యాన్, గది, నోటికీ మైక్‌కీ మధ్య దూరం, ఈ నాలుగే అసలు ముద్దాయిలు. ఈ నాలుగూ అలాగే ఉంచి మైక్ మారిస్తే డబ్బులు పోతాయి, గోల మిగులుతుంది. పైగా మైక్ ఎంత మంచిదైతే ఆ గోలని అంత శుభ్రంగా పట్టుకుంటుంది.

నేనుండేది అమలాపురం. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులతో మొదలైన ఈ మైక్ గొడవ ఇక్కడ ఇంకా ఆగలేదు. రాజోలు వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు, వాళ్లతో రోజూ వీడియో కాల్సే. కొత్తపేటలో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు కంపెనీల ఇంటర్వ్యూలకి హాజరయ్యే కుర్రాళ్లున్నారు. అమెరికా పిల్లలకి ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పేవాళ్లున్నారు, వేదం చెప్పేవాళ్లున్నారు. యూట్యూబ్ ఛానెళ్ల సంగతి సరేసరి. వీళ్లెవరికీ ఇది సరదా కాదు. ఇంటర్వ్యూలో మన గొంతు వెనక గుయ్యిమంటూ ఉంటే, అవతలివాళ్లు రెండుసార్లు "మళ్లీ చెప్పండి" అంటారు. మూడోసారి అడగరు, కాల్ ముగించేస్తారు. సబ్జెక్ట్ వచ్చి కూడా అలా వెనకబడితే అంతకన్నా అన్యాయం లేదు.

ముందు ఆ శబ్దం ఏంటో వినండి

అందరూ "నాయిస్" అని ఒకే మాట వాడేస్తారు. డాక్టర్ దగ్గరకెళ్లి "ఒంట్లో బాగాలేదు" అన్నట్టుంటుంది. ఏ రకం శబ్దమో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

తుమ్మెద గదిలో తిరుగుతున్నట్టు సన్నగా, ఆగకుండా "మ్‌మ్‌మ్" అని వస్తే అది కరెంటు హమ్. "స్‌స్‌స్" అని వాన జల్లులా వస్తే అది హిస్, అంటే గెయిన్ మరీ ఎక్కువ పెట్టారన్నమాట. టపటపమని విరిగినట్టు వస్తే జాక్ లూజు, లేదా వైరు లోపల తెగింది. మాట బావిలోంచి వచ్చినట్టుంటే గది ప్రతిధ్వని. మాట రోబోలా ముక్కలు ముక్కలుగా వస్తే అసలు మైక్ గొడవే కాదు, నెట్ గొడవ. స్పీకర్ దగ్గర ఫోన్ పెట్టినప్పుడు "టిట్టిట్టి టిట్టిట్టి" అని వస్తే అది పాత 2జీ సిగ్నల్ వైర్లలోకి దూరడం. ఫోన్ రెండడుగులు పక్కకి జరిపితే చాలు.

ఇప్పుడు ఒక పది నిమిషాల పరీక్ష చెయ్యండి. మీరు మాట్లాడకుండా 30 సెకన్లు రికార్డ్ చెయ్యండి. తర్వాత ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి మళ్లీ 30 సెకన్లు. ఫ్యాన్ ఆపి ఇంకో 30. ట్యూబ్‌లైట్, ఫ్రిజ్ కూడా ఒక్కొక్కటిగా ఆపి చూడండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వరసగా వినండి. ఏది ఆపినప్పుడు గోల తగ్గిందో దొంగ అదే. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా మైక్ కొనేవాళ్లలో నూటికి ఒకరు కూడా ఈ పరీక్ష చెయ్యరని నా గట్టి అనుమానం.

హమ్‌కి మందు ఎర్తింగ్

ఛార్జర్ పీకగానే హమ్ పోయిందా? ల్యాప్‌టాప్ మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటోందా? చెయ్యి పెట్టినప్పుడు మైక్‌లో సౌండ్ మారుతోందా? అయితే మీ సమస్య ఎర్తింగ్.

మన దగ్గర కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. హమ్ కూడా అదే 50 దగ్గర, దాని గుణిజాలైన 100, 150 దగ్గర వినిపిస్తుంది. ఛార్జర్ లోపల ఉండే చిన్న కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు ల్యాప్‌టాప్ బాడీలోకి వస్తుంది. ఎర్త్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే మైక్ వైరు పట్టుకుని రికార్డింగ్‌లోకి వస్తుంది. ఆ జివ్వుమనడం కూడా దానివల్లే.

పాత ఇళ్లలో గోడకి మూడు బొక్కల సాకెట్ ఉంటుంది కానీ పైన ఉన్న పెద్ద బొక్కకి వెనకాల వైరే ఉండదు. ఇంకొన్నిచోట్ల మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలిస్తారు. అక్కడితో ఎర్త్ తెగిపోయింది. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో ఉప్పుగాలికి జాయింట్లు తుప్పు పట్టడం ఇంకో తలనొప్పి.

మనకో అదృష్టం ఉంది. కోనసీమ నేలలో తడి ఎక్కువ, తడి నేలలో ఎర్త్ బాగా పనిచేస్తుంది. ఉప్పు, బొగ్గు వేసి గొయ్యి తీసి కడ్డీ దించడం మన ఎలక్ట్రీషియన్లకి తెలిసిన పనే. ఇంటికి ఒక్కసారి సరిగ్గా చేయించుకుంటే మైక్‌కే కాదు, ఫ్రిజ్‌కీ, వాషింగ్ మెషిన్‌కీ, ముఖ్యంగా ఇంట్లో మనుషులకీ రక్షణ. ఇది మీరు సొంతంగా చేసే పని మాత్రం కాదు, మనిషిని పిలిపించుకోండి.

కొన్ని వీడియోల్లో "హమ్ పోవాలంటే ఎర్త్ పిన్ను విరగ్గొట్టేయండి" అని చెబుతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. సౌండ్ కోసం ప్రాణం పణం పెట్టే బేరం అది. మిక్సర్, ల్యాప్‌టాప్ కలిపినప్పుడే హమ్ వస్తుంటే రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. రెండు వేరే సాకెట్లకి తగిలించినప్పుడు వచ్చే గ్రౌండ్ లూప్ చాలాసార్లు దాంతోనే తగ్గుతుంది.

ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఏం చెయ్యాలి? ల్యాప్‌టాప్ ఫుల్ ఛార్జ్ చేసుకుని, ఛార్జర్ తీసేసి ఇంటర్వ్యూ ఇవ్వండి. ఫోన్‌లో రికార్డ్ చేసేటప్పుడు కూడా అంతే, ఛార్జింగ్ పెట్టి రికార్డ్ చెయ్యొద్దు.

ఇంకో సంగతి. అమెరికావాళ్ల వీడియో చూసి 60 హెర్ట్జ్ దగ్గర ఫిల్టర్ పెట్టి "పనిచెయ్యట్లేదు" అని తిట్టుకునేవాళ్లున్నారు. వాళ్ల కరెంటు 60, మనది 50. ఫిల్టర్ పెడితే 50, 100, 150 దగ్గర పెట్టండి.

"ఫ్యాన్ ఆపండి" అనేవాళ్లు మన ఊరు రావాలి

ఇంగ్లిష్ గైడ్ ఏది చూసినా మొదటి సలహా ఫ్యాన్ ఆపమనే. మే నెలలో, కొబ్బరితోటల మధ్య ఆ ఉక్కపోతలో ఒక గంట ఫ్యాన్ లేకుండా క్లాస్ చెప్పమనండి చూద్దాం. ఏసీ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా అది. ఫ్యాన్ తిరగాలి, మైక్ పనిచెయ్యాలి. మనకి కావాల్సిన దారి అది.

ఫ్యాన్ గోల మూడు రకాలు. మొదటిది గాలి నేరుగా మైక్‌కి తగలడం. "బుడబుడ" మని వస్తుంది. స్పాంజ్ తొడుగు వేసి, మైక్‌ని ఫ్యాన్ కిందనుంచి పక్కకి జరిపితే పోతుంది. రెండోది రెక్కల చప్పుడు, బేరింగ్ చప్పుడు. దీనికి స్పీడ్ తగ్గించడం, బేరింగ్ మార్చడమే మార్గం. మూడోది చాలామందికి తెలియనిది, రెగ్యులేటర్. గుండ్రంగా తిప్పుతూ ఎక్కడైనా ఆపగలిగే చవక డిమ్మర్ రకం రెగ్యులేటర్లు కరెంటుని ముక్కలుగా కోసి ఫ్యాన్‌కి పంపిస్తాయి. తక్కువ స్పీడ్‌లో మోటారు మూలుగుతుంది, ఆ రొద వైర్ల ద్వారా కూడా వ్యాపిస్తుంది. 1, 2, 3, 4 అని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం రెగ్యులేటర్ పెట్టించుకుంటే ఆ మూలుగు చాలా తగ్గుతుంది. కొత్త మైక్‌తో పోలిస్తే ఆ ఖర్చు ఎంత? బీఎల్‌డీసీ ఫ్యాన్ ఉంటే గోడ రెగ్యులేటర్ అవసరమే లేదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఫ్యాన్ గుయ్యిమంటుందంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. కొత్తది కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ అని అడిగి తీసుకోండి.

జానెడు దూరం

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. మైక్‌కీ నోటికీ మధ్య దూరం సగం చేస్తే మీ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండడుగుల నుంచి అరడుగుకి వస్తే 12 డెసిబెల్స్. ఫ్యాన్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, దాని గోల పెరగదు. గొంతు పెరిగింది కాబట్టి గెయిన్ తగ్గిస్తారు, దాంతోపాటే గోలా, హిస్సూ దిగిపోతాయి. ఇంత తేడా ఏ ఖరీదైన మైకూ ఒక్కటే తీసుకురాలేదు.

"డైనమిక్ మైక్ కొంటే నాయిస్ రాదు" అన్నమాట కూడా ఇక్కడిదే. డైనమిక్ మైక్‌కి సెన్సిటివిటీ తక్కువ, అందుకని దగ్గరగా పెట్టుకుని మాట్లాడతాం. అందులో మాయేమీ లేదు, దూరం పనిచేస్తోంది. అదే మైక్‌ని టేబుల్ మీద మూడడుగుల దూరంలో పెట్టి గెయిన్ పెంచండి, మళ్లీ అదే గోల.

కాబట్టి మైక్ జానెడు దూరంలోపు ఉండాలి. నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కగా, లేకపోతే "ప", "భ" అన్నప్పుడల్లా గాలి దెబ్బ తగులుతుంది. కార్డియాయిడ్ మైక్ అయితే దాని వీపు వైపు వచ్చే శబ్దాన్ని తక్కువ పట్టుకుంటుంది, ఆ వీపుని ఫ్యాన్ వైపో కిటికీ వైపో తిప్పండి. విండోస్‌లో మైక్రోఫోన్ బూస్ట్ +20, +30 పెట్టేసి ఉంటే ముందు దాన్ని దించండి. రికార్డింగ్‌లో గొంతు పీక్స్ -12 నుంచి -6 మధ్య ఆడితే చాలు.

గుడ్ల అట్టలు పీకేయండి

గోదావరి జిల్లాల్లో కోళ్లఫారాలకి కొదవ లేదు, గుడ్ల అట్టలకీ లేదు. గోడల నిండా అవి అంటించి "స్టూడియో" అని ఫొటో పెట్టే తమ్ముళ్లకి ఒక మాట. అవి బయటి శబ్దాన్ని ఆపవు, లోపలి ప్రతిధ్వనినీ పెద్దగా తగ్గించవు. పల్చటి అట్ట అది, పైగా అగ్గిపుల్ల తగిలితే అంటుకుంటుంది.

లోపలి ప్రతిధ్వనికి మందం, మెత్తదనం కావాలి. టైల్స్ నేల, స్లాబు, ఖాళీ గోడలు ఉన్న కొత్త ఇంటి గదికన్నా పరుపులూ బట్టలూ నిండిన పాత గది మంచి స్టూడియో. బట్టల బీరువా తలుపులు తెరిచి దానివైపు తిరిగి మాట్లాడి చూడండి. వెనకాల తాడు కట్టి రెండు బొంతలు వేలాడదీయండి. నేల మీద చాపలు రెండు మడతలుగా పరవండి. మన కొబ్బరిపీచు చాపలైనా ఉత్త టైల్స్ కన్నా నయమే.

బయటి గోలకి మాత్రం ఇవేవీ పనికిరావు. రొయ్యల చెరువు ఏరియేటర్లు, నీళ్ల మోటార్లు, పెంకుటింటి మీద వాన, వాన తర్వాత కప్పలు, వీటిని బొంత ఆపదు. వీటికి మందు టైమ్ చూసుకోవడమే. చలికాలంలో మన ఉదయం 7 గంటలంటే అమెరికా తూర్పు తీరంలో ముందురోజు రాత్రి 8:30. క్లాస్ పెట్టడానికి బాగానే ఉంటుంది. కానీ అదే ధనుర్మాసం, గుడి మైక్ కూడా అదే టైమ్‌కి! రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రికార్డింగ్‌లు ఆ గంటల్లో పెట్టుకోవడం నయం. లైవ్ క్లాస్ అయితే వీధికి దూరంగా ఉండే లోపలి గది వెతుక్కోండి.

ఏఐ నాయిస్ క్యాన్సిలేషన్: వరమే, కానీ

"ఇదంతా ఎందుకు బ్రో, ఏఐ ఉందిగా" అంటారు. నిజమే. 2017లో ఆర్‌ఎన్‌నాయిస్ వచ్చింది, ఇప్పుడది ఓబీఎస్‌లో ఫ్రీగా దొరుకుతుంది. 2020లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ వాయిస్ వచ్చింది. జూమ్‌లో, గూగుల్ మీట్‌లో ఇప్పుడు లోపలే ఉంది. ఆఫీస్ మీటింగ్‌కి, ఇంటర్వ్యూకి నేనైతే ఆన్ చేసే ఉంచుతాను. కుక్క మొరుగుడు, కుక్కర్ విజిల్ మాయం చేస్తే ఎవరు కాదంటారు?

కానీ ఇది మాట కోసం నేర్పించిన యంత్రం. ఆగకుండా ఒకే తీరుగా వచ్చేదంతా దాని దృష్టిలో గోలే. ఇక్కడే సంగీతం టీచర్లకి దెబ్బ తగులుతుంది. తంబూరా శ్రుతి అంటే ఆగకుండా ఒకే తీరుగా వచ్చే నాదమే కదా! జూమ్ దాన్ని ఫ్యాన్ అనుకుని తుడిచేస్తుంది. పాటలో స్వరం సాగదీస్తే మధ్యలో మింగేస్తుంది. వేదం సంతలో గురువుతోపాటు శిష్యుడు గొంతు కలిపితే ఒకరి గొంతు పోతుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టిన శంకరగుప్తం రాజోలుకి దగ్గర్లోనే. అలాంటి నేల నుంచి అమెరికా పిల్లలకి పాఠం చెబుతూ శ్రుతి వినిపించకుండా చెబితే ఏం లాభం? అవతల పిల్ల అపశ్రుతి పాడుతోందో, యాప్ తినేస్తోందో టీచరుకే తెలియదు.

దీనికి జూమ్‌లోనే మందుంది. ఆడియో సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" ఆన్ చేసి, మీటింగ్‌లోకి వెళ్లాక పైన ఆ బటన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇద్దరూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎకో క్యాన్సిలేషన్ కూడా ఆపేయొచ్చు. మీట్‌లో అయితే నాయిస్ క్యాన్సిలేషన్ ఆఫ్ చెయ్యండి. అయితే ఒరిజినల్ సౌండ్ ఆన్ చేశాక మీ గదిలో ఉన్న గోలంతా కూడా ఒరిజినల్‌గానే వెళ్తుంది. ఎర్త్, ఫ్యాన్, దూరం గురించి పైన అంత చెప్పింది అందుకే. ఏఐ మీద ఆధారపడని గది ఉన్నవాడికే ఏఐని ఆపే స్వేచ్ఛ ఉంటుంది.

మాటకి కూడా అతి పనికిరాదు. "స", "శ", "హ" లాంటివి గాలి శబ్దాలు, గోలకి దగ్గరగా ఉంటాయి. ల్యాప్‌టాప్ డ్రైవర్‌లో ఒక నాయిస్ ఫిల్టర్, హెడ్‌సెట్‌లో ఒకటి, యాప్‌లో ఒకటి, మూడూ కలిస్తే ఆ అక్షరాలు సగం సగం పోతాయి. ఏదో ఒక్కటే ఉంచండి. అడాసిటీలో నాయిస్ రిడక్షన్ చేసేటప్పుడు కూడా 6 నుంచి 12 డెసిబెల్స్ మించొద్దు. మించితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది.

చిన్నవే, కానీ చాలామందికి ఇవే

కాలర్ మైక్ పిన్నుకి మూడు నల్లగీతలుంటే అది ఫోన్ రకం. పాత డెస్క్‌టాప్‌లో గులాబీ రంగు మైక్ జాక్‌కి నేరుగా పెడితే సరిగ్గా పలకదు, మైక్‌నీ ఇయర్‌ఫోన్‌నీ విడదీసే చిన్న స్ప్లిట్టర్ కావాలి. బోయా బీవై-ఎం1 లాంటి వాటిలో ఫోన్, కెమెరా అని స్విచ్ ఉంటుంది, ముందు అది చూడండి. చవక కండెన్సర్ మైకుల్లో చాలావాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉంటేనే సరైన గొంతు వస్తుంది. వాటిని ల్యాప్‌టాప్ జాక్‌కి పెట్టి గెయిన్ పెంచుకుంటూ పోతే హిస్ తప్ప ఏమీ రాదు.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో పాటలు బాగా వినిపిస్తాయి. మైక్ ఆన్ అవగానే చాలావాటిలో కాల్ మోడ్‌కి మారి గొంతు పాత ఫోన్‌లా అయిపోతుంది. ఇంటర్వ్యూకి కొన్ని వందల వైర్డ్ ఇయర్‌ఫోన్స్ మేలు.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ ఒకసారి చూడండి. కింద మైక్ బొక్కలో దుమ్ము, పైన రెండో మైక్‌ని మూసేసిన కవర్. గల్ఫ్ నుంచి అబ్బాయి "అమ్మా, వినపడట్లేదే" అంటుంటే నెట్‌ని తిట్టుకుంటాం గానీ, కవర్ తీసి చూస్తే సగంసార్లు గొడవ అక్కడే తేలుతుంది. మెత్తటి బ్రష్‌తో తుడవండి, సూది మాత్రం గుచ్చొద్దు.

రివ్యూలు రాసే మనకి కూడా ఒక మాట

ఇది నాతో సహా ఈ పని చేసేవాళ్లందరికీ. ఏసీ గదిలో, ఫోమ్ గోడల మధ్య, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద మైక్ టెస్ట్ చేసి "నాయిస్ అస్సలు లేదు" అని రాస్తే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ చదివేవాడి ఇంట్లో అది నిజం కాదు. ప్రతి మైక్ రివ్యూలో మూడు శాంపిల్స్ ఉండాలంటాను. ఫ్యాన్ ఆపి ఒకటి, ఫ్యాన్ నాలుగులో పెట్టి ఒకటి, ఛార్జర్ తగిలించి ఒకటి. మూడూ జానెడు దూరంలో ఒకసారి, రెండడుగుల దూరంలో ఒకసారి. అప్పుడు నాలుగు వేల మైక్‌కీ పదిహేను వేల మైక్‌కీ మధ్య అసలు తేడా ఎంతో చదివేవాళ్లే తేల్చుకుంటారు.

మంచి మైక్ వద్దని నేననట్లేదు. రోజూ రికార్డ్ చేసేవాళ్లకి, గొంతే జీవనాధారమైనవాళ్లకి అది పెట్టుబడి. వరస మాత్రం తప్పకూడదు. ముందు ఛార్జర్ పీకి పరీక్ష, తర్వాత దూరం, తర్వాత బొంతలు, తర్వాత రెగ్యులేటర్, ఎర్తింగ్. వీటన్నిటి తర్వాత కూడా గొంతు మీకు నచ్చకపోతే అప్పుడు రండి, ఏ మైక్ కొనాలో తీరిగ్గా మాట్లాడుకుందాం. ఆయ్, అప్పటిదాకా ఆ కార్ట్ అలాగే ఉండనివ్వండి.